రెండుసార్లు చెప్పిన వరస

తెపాయెరు పెద్దమ్మ ఒకచోట కుదురుగా కూర్చోవడం నా జన్మలో ఒక్కసారే చూశాను. ఆ కూర్చోవడానికి కారణం నేను చేసిన వెధవపని. గొప్పగా చెప్పుకునే సంగతి కాదు గానీ, దాన్ని దాటేసి ఆవిడ గురించి చెప్పడం నాకు చేతకాదు.

ఆవిడ నాకు సొంత పెద్దమ్మ కాదు. మా రరొటొంగాలో దీవి చుట్టూ ఒకటే రోడ్డు. బండి మీద ముప్పావు గంట తిరిగితే బయల్దేరిన చోటికే వస్తాం. ఇంత చిన్నచోట ఎవరు ఎవరికి ఏమవుతారని తవ్వడం మొదలుపెడితే అందరూ అందరికీ ఏదో ఒకటి అవుతారు. మా అమ్మ ఆవిణ్ణి అక్కా అని పిలిచేది కాబట్టి నాకు పెద్దమ్మ అయింది.

పుట్టుకతోనే కాలు నిలవని మనిషి. పదిహేడో ఏట నారింజ రసం డబ్బాల ఫ్యాక్టరీలో చేరి తొమ్మిదో రోజున మానేసింది. బెల్టు మీద కాయలు వస్తుంటే చెడ్డవి ఏరి పారెయ్యాలి, అదీ పని. "నారింజకాయలు ఊరేగుతుంటే నేను గుంజలా నించుని చూడాలా? కాయల్ని నించోబెట్టండి, నేను తిరుగుతా" అందట మేస్త్రీతో. ఆదివారం చర్చిలో పాట ఎత్తుకుంటే రెండో చరణానికల్లా పక్క బెంచీ దగ్గర తేలేది. వాళ్ళాయన రొంగో సరిగ్గా దీనికి ఎదురు. గాలం వేసి పడవలో పూటంతా కదలకుండా కూర్చునేవాడు. "మా ఇద్దర్నీ కలిపి చెరిసగం చేస్తే ఇద్దరు మామూలు మనుషులొస్తారు" అనేవాడు ఆయన. పోయాక ఆయన్ని ఇంటి ముందరే పెట్టుకున్నారు. రోజూ పొద్దున్నే ఆవిడ ఆ సమాధి చుట్టూ చీపురు పట్టుకుని తిరుగుతూ ఊరి కబుర్లన్నీ ఆయనకు చెప్పేది.

అలాంటి మనిషికి దేవుడిచ్చిన విద్య ఏమిటంటే తివైవై కుట్టించడం. తివైవై అంటే మా దుప్పటి. చలికి కప్పుకునేది కాదు. పెళ్ళికి పెడతాం, మగపిల్లాడికి మొదటిసారి జుట్టు కత్తిరించే వేడుకలో పరుస్తాం, చివర్న మట్టిలోకి వెళ్ళే మనిషికి చుడతాం. అందులో ఒక రకం ఉంది, బొటనవేలి గోరంత గుడ్డముక్కలు వేలకు వేలు కలిపి కుట్టేది. దానికి కాగితం మీద బొమ్మేమీ ఉండదు. వరసలు చెప్పే మనిషి ఒకరుంటారు, పువ్వంతా ఆవిడ తలలో ఉంటుంది. "తర్వాతి వరస" అని మొదలుపెట్టి, "ఎరుపు నాలుగు, తెలుపు రెండు, ఆకుపచ్చ ఒకటి" అని చెబుతూ పోతుంది. చుట్టూ కూర్చున్న ఆడవాళ్ళు ఆ ముక్కల్ని ఆ క్రమంలోనే సూదితో దారానికి గుచ్చుతారు. ఒక దారం ఒక వరస. వరసకి ఇరవై నాలుగు ముక్కలు, అలాంటివి ఇరవై నాలుగు వరసలు. పక్కపక్కన పెట్టి కుడితే ఒక చదరం, చదరం నిండా ఒక పువ్వు. పన్నెండు చదరాలు కలిస్తే దుప్పటి.

గుచ్చేవాళ్ళు కూర్చోవాలి. చెప్పేవాళ్ళు కూర్చోనక్కర్లేదు. అందుకే ఆ విద్య ఆవిడకు అబ్బింది. ఊరి హాలంతా కాలు కాలిన పిల్లిలా తిరుగుతూ చెప్పేది, ఎవరి దారం తప్పితే వాళ్ళ నెత్తిన ఒక మొట్టికాయ వేసేది. ఒక్క వరస కూడా ఎన్నడూ తప్పు చెప్పలేదు. ఆ సంగతి ఆవిడంటే గిట్టనివాళ్ళు కూడా ఒప్పుకునేవాళ్ళు.

మా దీవికి టీవీ వచ్చిన నాలుగేళ్ళకి ఆ హాలు ఖాళీ అయింది. పధ్నాలుగు మంది వచ్చేచోట ముగ్గురు మిగిలారు. ఆ టీవీ స్టేషన్లో కెమెరా పట్టేవాణ్ణి నేనే. పట్టడమే కాదు, టేపులు కోసి అతికించడం, మైకు తీగలు చుట్టడం, వానొస్తే రేకుల కప్పు కింద బకెట్లు పెట్టడం కూడా నా పనే. ఒక మధ్యాహ్నం ఆవిడ బండి మా షెడ్డు ముందు ఆగింది. కొబ్బరాకు టోపీ తియ్యకుండానే లోపలికొచ్చింది.

"ఎలియూ, నా ఆడవాళ్ళు పదకొండు మంది నీ దగ్గరున్నారు. ఇచ్చెయ్" అంది.

ఎలియు మా మ్యానేజరు. చిన్నప్పుడు ఆదివారం బడిలో ఆవిడ దగ్గర బైబిలు వచనాలు వల్లెవేసినవాడే. కుర్చీలోంచి సగం లేచాడు.

"నా దగ్గరెవరున్నారు పెద్దమ్మా? తుతాయ్ ఒక్కడే ఉన్నాడు. వాడు కావాలంటే తీసుకెళ్ళండి" అన్నాడు నన్ను చూపిస్తూ.

"వాణ్ణేం చేసుకోను? సూదిలో దారం ఎక్కించడం రాదు వాడికి. సాయంత్రం హాలుకొచ్చేవాళ్ళంతా నీ పెట్టె ముందు చేరారు. ఎవరో తెల్లావిడ మొగుడికి ఎదురింటావిడతో ఏదన్నా ఉందో లేదో తేలాలట. నాలుగేళ్ళ నుంచి తేలట్లేదు."

"జనం అడిగిందే వేస్తున్నాం పెద్దమ్మా."

"జనం ఎప్పుడడిగార్రా? నువ్వేసింది చూస్తున్నారు. నువ్వు గోడ చూపిస్తే గోడ చూస్తారు."

మా గది ఈ చివర నుంచి ఆ చివరికి నాలుగడుగులు. ఆవిడ ఆ నాలుగడుగుల్లో ఎన్నిసార్లు తిరిగిందో, చూస్తుంటే నాకే కళ్ళు తిరిగాయి.

"శనివారం గంటన్నర రగ్బీ బంతాట వేస్తావు. ఇరవై ఆరు మంది పరిగెడతారు, మిగతా దీవంతా కూర్చుంటుంది. బంతాట చూసినవాడు లేచి పరిగెడతాడా? ఇంకో డోనట్టు తింటాడు. అదే చెయ్యి పనిచేస్తుంటే చూపించు. సూది కదలడం చూసిన చెయ్యి ఊరుకోదు. చాప అల్లేవాళ్ళని చూపించు, పడవ చెక్కేవాళ్ళని చూపించు, ఉకులెలె వాయిద్యానికి కొబ్బరి చిప్ప నునుపు చేసేవాణ్ణి చూపించు. మనుషుల్ని కూర్చోబెట్టేశావు, సరే. కూర్చున్నవాళ్ళ చేతుల్లో ఏదైనా పెట్టాలా వద్దా?"

ఎలియు చెడ్డవాడు కాదు, భయస్థుడు. ఖాళీగా ఉన్న మంగళవారం సాయంత్రం అయిదున్నర నుంచి ఆరు దాకా ఇస్తానన్నాడు. ఎనిమిది వారాలు. ఎవరూ చూడకపోతే ఆపేస్తానన్నాడు.

"చూస్తున్నారో లేదో నీకెలా తెలుస్తుంది?" అంది ఆవిడ.

"ఫోనులొస్తాయి. ఆట మధ్యలో బొమ్మ పోతే నిమిషంలో ఇరవై ఫోనులొస్తాయి."

"సూది పట్టుకున్నదానికి ఫోనెత్తడానికి మూడో చెయ్యెక్కడిది?"

నేను నవ్వి ఊరుకున్నాను. ఆ నవ్వు గుర్తొస్తే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది, నా మీద నాకే.

ఇక టీవీలో ఏ పువ్వు చెప్పాలనే గొడవ వచ్చింది. మా దగ్గర ఒక్కో ఇంటికి ఒక్కో పువ్వు ఉంటుంది. ఇంకొకరింటి పువ్వుని అడక్కుండా కుట్టుకోవడం కోళ్ళ దొంగతనం కంటే హీనం. పెద్దమ్మ మాత్రం తన తల్లి పువ్వునే చెబుతానంది. ఆ పువ్వు ఆవిడ తలలో తప్ప భూమ్మీద ఇంకెక్కడా లేదు. అరవై ఎనిమిదేళ్ళ తల అది. కోడళ్ళిద్దరూ హోటళ్ళలో షిఫ్టుల మీద ఉంటారు, ఆదివారం కూడా దొరకరు.

తితికవెకా ఊళ్ళో మెటువా అనే ఆవిడ కూడా వరసలు చెప్పే మనిషే. వీళ్ళిద్దరికీ ముప్ఫై ఏళ్ళుగా పడదు. "వాళ్ళమ్మ బతికుంటే దాని నాలుక కోసేది. ఇంటి పువ్వుని బజార్న పెడుతోంది" అని మెటువా చర్చి మెట్ల మీద అందరికీ వినపడేట్టు అంది.

ఆ మాట నేను మోసుకొచ్చి చెప్పాను. పెద్దమ్మ వింటూ కూడా నడవడం ఆపలేదు.

"పెట్టెలో చెబితే ఎవరో ఒకరు పట్టుకుంటారు. నాతో మట్టిలోకొస్తే పురుగులు కుడతాయా?" అంది చివరికి.

ఆవిణ్ణి కెమెరాలో పట్టడం అంటే కోడిపుంజుని బుట్ట కింద మూయడమే. ఇటు తిప్పితే అటు ఉండేది. పూర్తిగా బొమ్మలో ఉన్నది తక్కువ, భుజమో మోచెయ్యో టోపీ అంచో ఉన్నది ఎక్కువ. కుర్చీ వేసి కూర్చోమంటే, "కూర్చుంటే నాకు వరసలు గుర్తురావురా, కాళ్ళలో ఉంటాయవి" అంది. నిజమే అయ్యుండాలి. వారానికి మూడు వరసలు చెప్పేది. మధ్యమధ్య దారం ఎలా ముడెయ్యాలో, పాతబడిన చొక్కా కాలరు దగ్గర గుడ్డ ఎందుకు గట్టిగా ఉంటుందో, ఏ రంగు నాలుగు ఉతుకులకు వెలుస్తుందో చెప్పేది. నా మట్టుకు నాకు అదంతా చెవిలో జోరీగ.

అయిదో వారం, పధ్నాలుగో వరస. ఆవిడ చెబుతూ చెబుతూ హాలు స్తంభం వెనక్కి వెళ్ళిపోయింది. వరస అయిందాకా బయటికి రాలేదు. నా బొమ్మలో రెండు నిమిషాలు స్తంభమే ఉంది.

"పెద్దమ్మా, మీరు కనపడలేదు. ఆ వరస ఇంకోసారి చెప్పాలి" అన్నాను.

ఆవిడ హాల్లో ఉన్న ముగ్గురివైపూ తిరిగి, "మీరు గుచ్చకండే, గుచ్చేశారుగా. ఇది వాడి పెట్టె కోసం" అంది. నేను కెమెరా తిప్పాక "తర్వాతి వరస" అని మొదలుపెట్టి అవే ముక్కలు, అదే క్రమం మళ్ళీ చెప్పింది, ఈసారి స్తంభానికి ఇవతల.

స్టేషన్‌కి వచ్చి టేపు అతికిస్తే అరగంటకి సరిగ్గా రెండు నిమిషాలు తక్కువొచ్చింది. ఆరింటి వార్తలకు ముందు తెర రెండు నిమిషాలు నల్లగా ఉంటే ఎలియు నా తోలు తీస్తాడు. మళ్ళీ హాలుకెళ్ళి తీసుకొచ్చే ఓపిక నాకు లేదు. స్తంభం ముక్క కింద పడేసి ఉంది. దాన్ని తీసి రెండోదాని ముందర అతికించాను. సరిగ్గా సరిపోయింది. ఎవడు చూడొచ్చాడని.

ఆ మంగళవారం సాయంత్రం ఇంటికెళ్ళి, భోజనాల దగ్గర నా భార్య రూటాకి ఈ సంగతి గొప్పగా చెప్పాను. "రెండు నిమిషాలు స్తంభం వేశానే. దీవి మొత్తమ్మీద ఒక్కడు కూడా గుర్తుపట్టలేదు. వరస కూడా రెండుసార్లు పడింది. చూసేవాళ్ళుంటేగా" అన్నాను. రూటా తారో దుంప ముక్క నోట్లో పెట్టుకోబోతూ ఆగింది. ఉతికిన బట్టలు బయటే ఉండిపోయాయంటూ కంచం ముందు నుంచి లేచెళ్ళింది. ఎంతకీ రాకపోతే మిగిలిన కూర కూడా నేనే తినేశాను.

పెద్దమ్మ తన కార్యక్రమం ఒక్కసారి కూడా చూడలేదు. మంగళవారం అయిదున్నరకి బండెక్కి దీవి చుట్టూ బయల్దేరేది. ఆరూ పావుకి మా షెడ్డు ముందు దిగేది, జుట్టంతా రేగిపోయి.

"ఫోనొచ్చిందా?"

"లేదు పెద్దమ్మా."

"ఉత్తరం?"

"లేదు."

"ఇళ్ళన్నీ మూసున్నాయిరా" అంది ఆరో వారం. "అయిదున్నరకి వసారాల్లో ఉండాల్సిన ఆడవాళ్ళు ఒక్కరు లేరు. కిటికీ అద్దాల పలకలు కూడా దించేశారు. ఈ ఎండల్లో కిటికీలు మూసుకుని ఏం చేస్తున్నారు?"

"నిద్రపోతున్నారేమో."

"అయిదున్నరకా?"

ఆవిడ ముఖంలో భయం మొదటిసారి చూశాను. తల్లి పువ్వుని గాలికి వదిలేశానేమో, పట్టుకునే చెయ్యి ఒక్కటీ లేదేమో అన్న భయం. అయినా నాకు జాలి కలగలేదు. ఎప్పుడు అయిపోతుందా ఈ గోల అనే ఉంది.

ఎనిమిదో వారం ఆఖరి వరస చెప్పి, "ఇది ఇరవై నాలుగోది. పువ్వు అయిపోయింది. ఇక కుట్టుకోండి" అంది కెమెరాతో. శుక్రవారం ఎలియు ఆవిణ్ణి పిలిపించాడు. పాపం, చాలాసేపు బల్లమీద పెన్ను దొర్లించాడు.

"ఒక్క ఫోను కూడా రాలేదు పెద్దమ్మా. వచ్చే వారం నుంచి చేపల వేట టేపు వేద్దామనుకుంటున్నాం. మీ కష్టం మాకు తెలుసు."

నేను గుమ్మం దగ్గరున్నాను. ఆవిడ తిడుతుందనుకున్నాను. "మా అమ్మకేం చెప్పను?" అంది అంతే. ఎలియుతో కాదు, ఎవరితోనూ కాదు. బయటికెళ్ళి బండి స్టార్ట్ చేసి ఎటు వెళ్ళాలో తెలియనట్టు అక్కడే రెండు చుట్లు తిరిగి వెళ్ళిపోయింది.

మర్నాడు శనివారం, సంత. పెద్దమ్మ ఎప్పట్లాగే తను అమ్మే డోనట్ల బల్ల వెనక అటూ ఇటూ తిరుగుతోంది. నేను బొప్పాయిలు కొనడానికి వెళ్ళాను. జనాన్ని తోసుకుంటూ తితికవెకా మెటువా వచ్చింది. చంకలో సంచీ. ముఖం వెలిగిపోతోంది. ముప్ఫై ఏళ్ళు కాచుకున్న రోజు వస్తే ఎవరి ముఖమైనా అలాగే ఉంటుంది.

సంచీలోంచి ఒక చదరం తీసి డోనట్ల పక్కన పరిచింది.

"ఇరవై నాలుగన్నావు. నావి ఇరవై అయిదొచ్చాయి. మూడుసార్లు లెక్కపెట్టాను. చూడు, నిలువొకటి, అడ్డమొకటి. రేకు సాగిపోయి గాడిద చెవిలా ఉంది. సొంత తల్లి పువ్వుకే తప్పు చెప్పావు. నీ బుర్ర పోయింది తెపాయెరూ. ఇక వరసలు చెప్పడం మానుకో."

చుట్టుపక్కల బల్లలవాళ్ళు బేరాలు ఆపి ఇటు తిరిగారు. పెద్దమ్మ ఆ చదరం వంక చూసింది. తర్వాత మెటువా వంక చూసింది.

"నువ్వు గుచ్చావా?" అంది.

అప్పుడు తెలిసింది మెటువాకి తను ఏం బయటపెట్టుకుందో. ఇంటి పువ్వు బజార్న పడిందని తిట్టిన మనిషి కిటికీలు మూసుకుని ఎనిమిది వారాలు ఆ పువ్వునే గుచ్చింది. ఈలోగా కూరగాయల బల్ల దగ్గరున్న ఒకావిడ, "నాకూ ఇరవై అయిదే వచ్చాయి. నేనే ఎక్కడో తప్పానేమో అనుకున్నా" అంది నెమ్మదిగా. ఆ వెనకావిడ, "మా ఇంట్లో కూడా" అంది. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు ఒక్కొక్కరూ తేలారు. ఎవరికి వాళ్ళు, పరాయి ఇంటి పువ్వు దొంగతనంగా కుట్టుకుంటున్నది తామొక్కరే అనుకున్నారు. ఒకరికొకరు చెప్పుకోలేదు. ఫోను చేయడం అసలే లేదు.

పెద్దమ్మ వేలితో ఒక్కో వరసా తడుముతూ లెక్కపెట్టింది. పధ్నాలుగు, పదిహేను దగ్గర వేలు ఆగింది. అవి రెండూ ఒకటే. తలెత్తి నా వైపు చూసింది. నేను బొప్పాయి ఒకటి తీసుకుని ముచ్చిక వాసన చూడసాగాను. దొంగకు తేలు కుట్టినట్టయింది నా పని.

"ఆ వరస రెండుసార్లు నా నోటి నుంచే వచ్చింది" అంది ఆవిడ అందరితో. "తప్పు నాదే. మీ ఊళ్ళల్లో ఇంకా ఎవరెవరు గుచ్చారో చెప్పండి. సిగ్గుపడకండి, నేనే ఇచ్చాను."

బల్ల సర్దేటప్పుడు నన్ను పక్కకి పిలిచింది. నేను తల దించుకుని నించున్నాను.

"ఎందుకురా అట్లా చేశావు?"

"రెండు నిమిషాలు తక్కువొచ్చింది. ఎవరూ చూడట్లేదు కదా అని."

"నిన్ను పట్టిస్తే కెమెరా ఎవడు పడతాడు, ఎలియు పడతాడా?" అంది. "పద, బండెక్కు."

ఆ రోజూ, ఆదివారం చర్చి అయ్యాక కూడా దీవి చుట్టూ తిరిగాం. ఆవిడ ముందు, నేను వెనక, నా ఒళ్ళో సంచీ. తలుపు తట్టి, "ఇరవై అయిదు వరసలది ఉంటే ఇవ్వండి" అని అడిగేది. ముందు లేదనేవాళ్ళు, తర్వాత మంచం కింద నుంచి తీసేవాళ్ళు. నాకు తల కొట్టేసినట్టుంది. ఆవిడ మాత్రం ఒక్కో చదరం చేతికొస్తుంటే చిన్నపిల్లలా మారిపోతోంది. మా ఇంటి ముందు కూడా ఆగబోయింది. "మా ఇంట్లో ఎవరూ కుట్టరు పెద్దమ్మా" అని నేనే పోనిచ్చాను.

సోమవారం ఎలియు బల్ల మీద ముప్ఫై ఏడు చదరాలు పరిచింది.

"ఏంటివి?" అన్నాడు వాడు.

"నీ టీవీ చూడనివాళ్ళు."

వాడికి అర్థం కాలేదు. ఆవిడ ఒక్కోదాని మీదా అదే చోట వేలు పెట్టి చూపించింది. "ముప్ఫై ఏడు మంది, ఏడు ఊళ్ళు. ఒకళ్ళతో ఒకళ్ళు మాట్లాడుకోలేదు. అయినా అందరూ ఒకే చోట ఒకే తప్పు చేశారు. చూడకుండా, వినకుండా ఎలా చేశార్రా? చెప్పు. ఫోను మోగదు ఎలియూ. చేతులు మోగవు. పనిచేస్తాయంతే."

ఎలియు చాలాసేపు వాటి చుట్టూ తిరిగాడు. అచ్చం ఆవిడలాగే. చేపల టేపు ఆపుతానన్నాడు. కానీ ఈ తప్పు ఎలా జరిగిందో అందరికీ చెప్పాలి కదా అన్నాడు. ఆవిడ నాకన్నా ముందే, "నేనే చెబుతా" అంది. ఎప్పుడూ వరస తప్పని మనిషనే పేరు ఆవిడకున్న ఆస్తి. దాన్ని నా రెండు నిమిషాల కోసం తీసి ఇచ్చేస్తుంటే, నేను తీగలు చుట్టుకుంటూ కూర్చున్నాను.

మర్నాడు మంగళవారం పొద్దున తొమ్మిదో భాగం తీశాం. చదరాలు తిరిగి ఇస్తామని కబురంపితే హాలు నిండిపోయింది. గోడవార కూడా ఆడవాళ్ళు. మెటువా అందరికన్నా ముందొచ్చి మంచి చాప ఆక్రమించింది. కెమెరా తిరగ్గానే పెద్దమ్మ చెప్పింది: "పధ్నాలుగో వరస రెండుసార్లు చెప్పాను. వయసు మీద పడింది, తప్పు నాది. ఇవాళ కొత్తవరస లేదు. విప్పడమే." అని చాప మీద కూర్చుంది. విప్పడం నడుస్తూ అయ్యే పని కాదు. గోరంత ముక్కల మధ్య కుట్టు వెతికి, గుడ్డ చిరగకుండా దారం తెంపాలి. ఆవిడ చీలమండలు మాత్రం చాప మీద అదురుతూనే ఉన్నాయి. మొదటిసారి నా బొమ్మలో ఆవిడ మొత్తంగా ఉంది. అరవై ఎనిమిదేళ్ళు కనపడ్డాయి. కెమెరా వదిలేసి బయటికెళ్ళి ఏడవాలనిపించింది.

"వయసైపోతే ఒప్పుకోవడం మంచిదే" అంది మెటువా, తన దారం తెంపుతూ.

అప్పుడు వచ్చింది రూటా. నా భార్య. చేతిలో చదరం. నేను కెమెరా కంటిలోంచే చూసి, ఎవరో అనుకుని దగ్గరకి లాగాను. రూటాయే. పెద్దమ్మ ముందు మోకాళ్ళ మీద కూర్చుని చదరం పరిచింది. పెద్దమ్మ వేలితో వరసలు లెక్కపెట్టింది. మళ్ళీ లెక్కపెట్టింది.

"ఇరవై నాలుగే ఉన్నాయే. దీవిలో ఎవరికీ సరిపోనిది నీకెలా సరిపోయిందే?"

రూటా నా వైపు చూడలేదు.

"ఆ మంగళవారం భోజనాల దగ్గర మా ఆయన చెప్పాడు అత్తా. రెండు నిమిషాలు తక్కువొస్తే స్తంభం బొమ్మ వేసి నింపాడట. అదే వరస రెండుసార్లు పడిందన్నాడు. లేచెళ్ళి ఒక దారం తీసేశాను."

"మరి ఎవరికీ చెప్పలేదేం?"

"ఎవరు కుడుతున్నారో నాకేం తెలుసు? ఆయనకి చెబితే నవ్వుతాడు."

హాలంతా నా వైపు తిరిగింది. చూడటానికి అంతమంది ఉన్నారని నాకు అప్పుడు ఒంటికి తెలిసింది. మెటువా చేతిలో చదరం వదిలేసి నవ్వడం మొదలుపెట్టింది. "అయితే ఇది తప్పు చెప్పలేదన్నమాట" అంది కాసేపటికి, కొంచెం దిగులుగానే. పెద్దమ్మ నవ్వలేదు. రూటా తెచ్చిన చదరాన్ని అరచేత్తో సాపు చేస్తూ ఉంది.

"తుతాయ్, అది తిరుగుతోందా?"

"తిరుగుతోంది పెద్దమ్మా."

"ఈ ముక్క కొయ్యకు."

మధ్యాహ్నం టేపు ముందు చాలాసేపు కూర్చున్నాను. అరగంటకి నాలుగు నిమిషాలు ఎక్కువొచ్చింది, కోసెయ్యడానికి మంచి సాకు కూడా ఉంది. కుట్టు విప్పడం గురించిన ముక్కలు కోశాను. రూటా వచ్చిన ముక్క అలాగే ఉంచాను. అయిదున్నరకి దీవి మొత్తం చూసింది. ఆరయ్యాక రెండు నిమిషాలకి, మంగళవారం మొదటిసారిగా మా ఫోను మోగింది. ఎలియు ఎత్తి విని, రిసీవరు నా వైపు చాచాడు.

"మటవెరా నుంచి ఎవరో ఆవిడ. స్తంభం వేసినవాడెవడు అని అడుగుతోంది."

రిసీవరు తీసుకున్నాను. "నేనేనమ్మా" అన్నాను.